కింది అంతస్తు కన్ను

సోమవారం సాయంత్రం మెట్ల మీద ఇన్షిరాహ్ ఒక అబద్ధం ఆడింది.

పెద్దదేం కాదు. ఆకుల్లో అన్నం చుట్టడానికి కొన్న క్యాబేజీ చంకలో బరువుగా ఉంది, మోకాళ్ళు పీకుతున్నాయి, ఎప్పుడు ఇంట్లో పడదామా అని ఉంది. సరిగ్గా అప్పుడే కింది అంతస్తు తలుపు తెరుచుకుంది.

"ఉమ్ రబాబ్! ఆగు ఆగు. బుధవారమేనటగా మన పిల్ల వైవా? వీధిలో అందరికీ తెలిసింది, నాకు తప్ప."

అన్నది ఉమ్ షౌకీ. ఉమ్ అంటే అమ్మ. కొడుకు షౌకీ పుట్టిన దగ్గర్నుంచి ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇన్షిరాహ్ గుండె గుభేలుమంది. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు. ఉమ్ షౌకీ కంటికైతే కొండే పగులుతుందని ఇన్షిరాహ్ నమ్మకం. ఏది చూసినా నోరారా మెచ్చుకుంటుంది, చివర దిష్టి తగలకుండా 'మాషా అల్లా' అన్న ఒక్క మాట మాత్రం అనదు. ఫ్రిజ్ కొన్నప్పుడు "ఎంత తళతళలాడుతోందే!" అంది. నాలుగో రోజుకు అది చల్లబడటం మానేసింది. బాల్కనీలో మల్లెతీగను మెచ్చుకుంది, మాడిపోయింది. పదేళ్ళ కిందట రబాబ్ నిశ్చితార్థం నాడు "చిలకా గోరింకల్లా ఉన్నారు" అంది. ఆర్నెల్లు తిరక్కుండా ఆ సంబంధం చెడింది.

అందుకే ఇన్షిరాహ్ నోటికి ఆలోచించే పని లేకపోయింది.

"ఎక్కడి వైవా తల్లీ, వాయిదా పడింది. అస్యూత్ నుంచి రావలసిన పెద్దాయనకు ఒంట్లో బాగాలేదట. మళ్ళీ ఎప్పుడో ఏమో."

"అయ్యో! పిల్ల ఏడుస్తోందా?"

"ఏడవక? అన్నం ముట్టలేదు. నువ్వు మాత్రం దాని దగ్గర ఆ మాట ఎత్తకు."

"ఎందుకెత్తుతానే! పుండు మీద కారం చల్లుతానా?" అంటూ ఉమ్ షౌకీ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇన్షిరాహ్ పైకి వెళ్ళి గడపలో గుప్పెడు ఉప్పు చల్లింది. కూతురి సంచి అడుగున దిష్టికి దాచిన నీలం పూస ఉందో లేదో మరోసారి తడిమి చూసుకుంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆమెకు నిద్ర పట్టింది.

రబాబ్ పద్నాలుగేళ్ళుగా నైలుకు అవతలి గట్టున ఒక పల్లె బడిలో చిన్న తరగతుల టీచరు. పొద్దున ఏడింటి పడవకు దాటడం, మధ్యాహ్నం రెండింటి పడవకు తిరిగి రావడం. ఆ పద్నాలుగేళ్ళూ ఇన్షిరాహ్ బాల్కనీలో నిలబడి, ఇవాళ పడవ మునుగుతుందనే అనుకుంది. ఒక్కరోజూ మునగలేదు. మునగనందుకు మర్నాటి మీద భయం ఇంకాస్త పెరిగేది, అంతే. పిల్లలు "అబ్లా, అబ్లా" అంటూ రేవు దాకా వెంటపడి వచ్చేవాళ్ళు. టీచరమ్మను ఈ ఊళ్ళలో అలాగే పిలుస్తారు.

ఆరేళ్ళ కిందట రబాబ్ బడి అయ్యాక మిన్యాలోని విద్యా కళాశాలకు వెళ్ళడం మొదలుపెట్టింది. టీచర్లను తయారుచేసే చోటు అది. అక్కడే పాఠం చెప్పాలని, పిల్లలు చదువు ఎలా నేర్చుకుంటారో పరిశోధన చెయ్యాలని ఆమె పంతం. ఐదో తరగతితో బడి మానేసిన ఇన్షిరాహ్‌కు కూతురు డాక్టరేటు కోసం రాసిన లావుపాటి పుస్తకంలో ఏముందో తెలియదు. దాని పుట్టుక మాత్రం తెలుసు. ఒక సాయంత్రం రబాబ్ టీ పెట్టె అట్టను చింపి, మధ్యలో కత్తెరతో ఒక మాట పట్టేంత కన్నం చేసి, మర్నాడు బడికి పట్టుకెళ్ళింది. తిరిగొచ్చి అన్నం తినలేదు.

"పేజీ అంతా పాటలా చదివే పిల్లలమ్మా. ఈ కన్నంలోంచి ఒక్క మాట చూపిస్తే చదవలేకపోయారు. ముప్పై మందిలో పద్దెనిమిది మంది. ఇన్నేళ్ళూ నేను పాట విని మురిసిపోయాను," అంది.

ఆ అట్టముక్కే ఇప్పుడు మూడొందల పేజీల గ్రంథమైంది. బుధవారం పదకొండింటికి వైవా. గురువారం మధ్యాహ్నం రెండింటి లోపల కళాశాలలో ఖాళీ అయిన అధ్యాపక ఉద్యోగానికి కాగితాలు ఇవ్వాలి, వైవా నెగ్గిన కాగితం అందులో ఉండి తీరాలి. నలభై నిండినవాళ్ళను తీసుకోరు. రబాబ్‌కు నలభై నిండటానికి ఇంకా పందొమ్మిది రోజులున్నాయి. ఈ బండి తప్పితే ఇక ఎక్కేది లేదు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి పావుగంట తక్కువప్పుడు ఫోను మోగింది. రబాబ్ అప్పటికే నేరేడు రంగు కోటు తొడుక్కుని, తలగుడ్డ పిన్ను సరిచేసుకుంటోంది.

"సార్! నమస్కారం సార్... ఏమిటి? రాలేదా? ఎనిమిదింటికే రావాలి సార్..." అంటూ ఆమె గోడకు ఆనుకుంది. "లేదు సార్, మీరు దిగకండి. నేను కనుక్కుంటాను."

ఫోను పెట్టేసి మరో నంబరు నొక్కింది. ఇన్షిరాహ్ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చేతిలో క్యాబేజీ చుట్టల గిన్నె.

"ఏమైందే? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదమ్మా. అస్యూత్ నుంచి డాక్టర్ వహ్దాన్ రావాలి కదా. ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. నిరుడు రైలు మెట్టు మీంచి పడి, ఇక రైలెక్కనని ఒట్టు పెట్టుకున్నారు. కారు మాట్లాడాను, అది వెళ్ళలేదు." రబాబ్ ఫోను చెవికి ఆనించి గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. "ఎత్తు షౌకీ, ఎత్తు..."

"షౌకీయా? ఏ షౌకీ?"

"ఎంతమంది ఉన్నారమ్మా మనకు? కింది షౌకీ. ఆ ఇంటి కారు వద్దని గోల చేస్తావని నీకు చెప్పలేదు."

ఇన్షిరాహ్ చేతిలో గిన్నె వంగి నూనె గచ్చు మీద పడింది. ఆమె చూసుకోలేదు.

అవతల ఫోను ఎత్తారు. గాలి హోరు, ఇంజను మోత, ఆ మోతలో షౌకీ గొంతు: "అబ్లా? మీరా? నేను ఎర్రసముద్రం రోడ్డు మీదున్నాను, ప్రయాణికులతో... వాయిదా పడిందన్నారుగా..."

"ఎవరన్నారు? షౌకీ, ఎవరన్నారు నీకు?"

మోత ఆగిపోయింది. లైను తెగింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

"వాయిదా పడిందని ఎవరో చెప్పారట! ఎవరమ్మా నాకింత పగవాళ్ళు?"

ఇన్షిరాహ్ నోరు తెరిచింది. కూతురి ముఖం చూసింది. పెదవులు తెల్లబడ్డాయి. ఇప్పుడు చెబితే ఇది ఇక్కడే కూలిపోతుంది, ఆ పెద్దమనుషుల ముందు నోరు పెగలదు, అంతా పోతుంది అనుకుంది. తెరిచిన నోరు మూసుకుంది. రబాబ్ తన గైడు డాక్టర్ మాగ్దాకు ఫోను చేస్తుంటే, మెల్లగా తలుపు తీసుకుని మెట్లు దిగింది. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి కూతురిది.

ఉమ్ షౌకీ మోచేతుల దాకా పిండితో తలుపు తీసింది.

"ఏమే, ఈ వేషమేంటి? ఎవరికేమైంది?"

"నీ కాళ్ళు పట్టుకుంటాను," అంది ఇన్షిరాహ్. "వైవా వాయిదా పడలేదు. నేనే అబద్ధం చెప్పాను. ఇవాళే, పదకొండింటికి. షౌకీని పెట్టుకుందని నాకు తెలియదు. దేవుడి మీద ఒట్టు, తెలియదు."

ఉమ్ షౌకీ ఎడమ చేతికున్న పిండిని కుడి చేత్తో ముద్దలు ముద్దలుగా ఒలుచుకుంది.

"పాపం వాడు అబ్లాకు ఫోను చేసి అడుగుతానే అన్నాడు," అంది చివరికి. "నేనే వద్దన్నాను. వాళ్ళమ్మే స్వయంగా చెప్పింది, పిల్ల ఏడుస్తోందట, పుండు కెలక్కురా అన్నాను. వేరే బేరం వస్తే పొమ్మన్నాను." ఇన్షిరాహ్ ముఖంలోకి చూసింది. "ఎందుకు చెప్పావే నాకు అబద్ధం?"

ఇన్షిరాహ్ తల దించుకుంది.

"నా కన్నా? నా కన్ను మంచిది కాదనా?"

"ఉమ్ షౌకీ..."

"ఫ్రిజ్ నేను చంపానా? అది పాత సరుకు, రంగేసి నీకు అంటగట్టాడని వీధంతా ఎరుగుదురు! మల్లెతీగకు నువ్వు బట్టలుతికిన నీళ్ళు పోస్తే అది బతుకుతుందా? ఇక ఆ పెళ్ళికొడుకు సంగతి. వాడికి సోహాగ్‌లో ఇంకో పెళ్ళాం ఉందని కనుక్కొచ్చి నీ చెవిన వేసింది ఎవరు? ఈ కన్నే కదే, ఈ దిక్కుమాలిన కన్నే!"

అన్నీ నిజాలే. ఇన్షిరాహ్‌కు ఏడుపు వచ్చింది.

"ఏడుపు తర్వాత. టైమెంత?"

"తొమ్మిది దాటింది."

ఉమ్ షౌకీ పిండి చేతుల్తోనే ఫోను తీసింది. అస్యూత్‌లో ఆమె చెల్లెలుంది. చెల్లెలి మొగుడు హిలాల్ చిన్నపిల్లల బడికి వ్యాను నడుపుతాడు. పిల్లల్ని దింపి ఈపాటికి ఇంటికొచ్చి నిద్రపోతుంటాడు.

"వాణ్ణి లేపవే! చస్తే చచ్చాడు, లేపు! నీళ్ళు పొయ్యి మొహాన!" ఉమ్ షౌకీ గొంతు మెట్ల మీదంతా మోగింది. "హిలాల్, నేను. మారుమాటాడకుండా విను..."

ఫోను పెట్టేసరికి దాని నిండా పిండే. "పది లోపు ఆయన ఇంటి ముందుంటాడు. దారిలో పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఆపకపోతే పన్నెండు అవుతుంది. అంతకు తగ్గదు. నువ్వు పైకి వెళ్ళు. పిల్లకు కారు దొరికిందని మాత్రం చెప్పు. నీ అబద్ధం సంగతి ఇప్పుడు చెప్పకు, తల తిరిగిపోతుంది దానికి. అంతా అయ్యాక చెప్పు. చెప్పకపోయావో, నేను చెబుతాను. నేనూ వస్తున్నాను."

"నువ్వా?"

"ఏం, కళ్ళకు గంతలు కట్టుకుని రమ్మంటావా?"

హాల్లో నలభై కుర్చీలు. ఎదురుగా వేదిక మీద బల్ల, దానిపై పచ్చ గుడ్డ, మూడు మైకులు, మూడు నీళ్ళ సీసాలు. విందులు నిషేధమని తలుపుకు కాగితం అంటించారు. ఇన్షిరాహ్ క్యాబేజీ చుట్టల గిన్నెను, బస్బూసా మిఠాయి పెట్టెను కుర్చీ కిందికి తోసి, పైన తన శాలువా కప్పింది. పక్కన ఉమ్ షౌకీ. వెనక రబాబ్ బడి నుంచి వచ్చిన ఇద్దరు టీచర్లు.

పదకొండు దాటింది. పదకొండున్నర. బల్ల దగ్గర మధ్య కుర్చీ ఖాళీగానే ఉంది. కుడివైపు డాక్టర్ మాగ్దా మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. ఎడమవైపు పొట్టిగా, దట్టమైన కనుబొమలతో కళాశాల తరఫు పరీక్షకుడు డాక్టర్ నబీహ్. ఆయనకు రెండున్నరకు కైరో రైలుంది. ఆయనకూ డాక్టర్ వహ్దాన్‌కూ పాతికేళ్ళుగా పడదని, ఒకరి శిష్యుల్ని ఇంకొకరు చీల్చి చెండాడుతుంటారని పొద్దున టీచర్లు గుసగుసలాడటం ఇన్షిరాహ్ విననే విన్నది. వినకపోయినా బాగుండేది.

బయటి నుంచి వచ్చే పరీక్షకుడు గదిలో లేకుండా వైవా సాగదు. అది నిబంధన. రబాబ్ చిన్న బల్ల వెనక నిలబడి కాగితాలు ఒకటే వరసలో పేర్చి, చెదరగొట్టి, మళ్ళీ పేరుస్తోంది.

హిలాల్ ఫోను ఎత్తడం లేదు. బండి బోల్తా పడిందేమోనని ఇన్షిరాహ్ అనుకుంది. కాలువలో పడిందేమో. ఆ పెద్దాయన ప్రాణం కూడా తన మెడకే చుట్టుకుంటుందేమో. పోలీసులు వస్తారు, అబద్ధం ఎవరు చెప్పారని అడుగుతారు.

పన్నెండు కొట్టింది. డాక్టర్ నబీహ్ గ్రంథాన్ని ఠప్పున మూశాడు.

"చాలు మాగ్దా గారూ. గంట అయింది. నా ముందు కూర్చోవడం ఆయనకు తలవంపు అయితే ముందే చెప్పాలి. ఇది నన్ను అవమానించడం కాకపోతే ఏమిటి? ఇంకో తేదీ వెయ్యండి, వచ్చే నెల చూద్దాం."

వచ్చే నెల. రబాబ్ చేతులు కాగితాల మీద ఆగిపోయాయి.

ఆయన నల్ల గౌను విప్పి చేతి మీద వేసుకున్నాడు. వేదిక దిగాడు. కుర్చీల మధ్య దారిలో నాలుగడుగులు వేశాడు. ఇన్షిరాహ్ లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. కుర్చీ కింద గిన్నె కాలికి తగిలి ఖంగుమంది.

"ఆ పెద్దాయన తప్పేం లేదు సార్," అంది. "తప్పు నాది."

"మీరెవరమ్మా?"

"దాని తల్లిని. నేను అబద్ధం చెప్పాను సార్. దిష్టి తగులుతుందని భయం. వైవా వాయిదా పడిందని ఇదిగో, ఈవిడకు చెప్పాను. ఈవిడ కొడుకే కారు తీసుకెళ్ళాల్సింది, నాకు తెలియదు. నా మాట నమ్మి అతను వేరే ఊరు వెళ్ళిపోయాడు. పెద్దాయన పొద్దున ఎనిమిదింటికే కోటు తొడుక్కుని కూర్చున్నారు. మిమ్మల్ని ఎవరూ అవమానించలేదు. దారిలో ఉన్నారు. నన్ను తిట్టండి, నిలబడి తింటాను. దాన్ని మాత్రం వదిలి వెళ్ళకండి."

వెనక ఒక టీచరు చేత్తో నోరు మూసుకుంది. ఇన్షిరాహ్ కూతురి వైపు చూడలేకపోయింది. చూడకుండా ఉండలేకా పోయింది.

రబాబ్ తన బల్ల మీది మైకు మీదుగా చూస్తోంది. పెదవులు తెల్లగా లేవు.

"నాకు తెలుసమ్మా," అంది. మైకు తెరిచే ఉంది, ఆ మాట గోడలకు తగిలి వచ్చింది. "షౌకీ పదింటికి మళ్ళీ ఫోను చేశాడు. కూర్చో."

"తెలిసీ అనలేదేమే?"

"భయపడతావని."

డాక్టర్ నబీహ్ ఒకసారి తల్లిని, ఒకసారి కూతురిని, ఒకసారి ఉమ్ షౌకీని చూశాడు.

"ఈవిడ కన్నా?" అన్నాడు.

"నాదే సార్," అంది ఉమ్ షౌకీ. "మీ గౌను చాలా బాగుందని అందామనుకున్నాను, నోరు మూసుకున్నాను."

ఆయన పెదవి మూల కొంచెం వంకర పోయింది. నవ్వో కాదో చెప్పలేం. "మా అమ్మ నా పెళ్ళి తేదీ మా మేనమామకు కూడా చెప్పలేదు," అని గొణిగి, గోడ గడియారం చూశాడు. "ఇరవై నిమిషాలు. ఆ తర్వాత నా రైలు నాది."

వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. గౌను మాత్రం తొడుక్కోలేదు.

ఆ ఇరవై నిమిషాల్లో పదహారు అలాగే గడిచాయి. తర్వాత బయట హారను మోగింది, చిన్నపిల్లల బండి హారను, బాతు అరిచినట్టు. కిటికీ దగ్గరున్న టీచరు "వచ్చారు!" అని అరిచింది. ఒళ్ళంతా కుందేళ్ళూ బాతులూ వేసిన పసుపు వ్యానులోంచి హిలాల్ చెయ్యి పట్టుకుని డాక్టర్ వహ్దాన్ దిగాడు. పొడుగ్గా, ఎముకలు తేలి, చేతికర్రతో. కోటు మోచేతికి ఏదో పిల్లాడి బిస్కెట్టు పొడి అంటుకుని ఉంది. హాల్లోకి రాగానే ఎవరినీ పలకరించలేదు. డాక్టర్ నబీహ్‌ను అసలు చూడలేదు.

"చెక్‌పోస్టు దగ్గర పావుగంట," అన్నాడు. "మొదలుపెట్టండి."

ఇన్షిరాహ్ అనుకున్నంతా అయింది. ఆయన కోపంగా ఉన్నాడు. గంటసేపు పేజీ పేజీకీ ఆపాడు. ఈ లెక్క ఎక్కడిది? ఈ మాట ఎవరన్నది? ఈ పట్టికలో రెండొందల పన్నెండు మంది పిల్లలున్నారు, అక్కడ రెండొందల పదకొండే, మిగిలిన ఒక్కరూ ఏమయ్యారు? ఆ పిల్లాడు మధ్యలో బడి మానేశాడని రబాబ్ చెప్పింది. ఎందుకు మానేశాడని ఆయన అడిగాడు. ఇటుకల బట్టీకి వెళ్ళాడని చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

తర్వాత కళ్ళజోడు తీశాడు.

"అబ్లా రబాబ్." ఇప్పటిదాకా 'పరిశోధకురాలు' అన్నవాడు, మొదటిసారి అబ్లా అన్నాడు. వెనక టీచర్లు కదిలారు. ఆ పిలుపులో గౌరవమా, ఎత్తిపొడుపా? "అట్టముక్కకు కన్నం చేశారు. బాగుంది. ఇలాంటి చిట్కాలు ప్రతి మంచి టీచరుకూ నాలుగుంటాయి. అది టీచరు నేర్పు, పరిశోధన ఎలా అవుతుంది? ఇంకో మాట. నాకు మంచి టీచర్లు తక్కువ, ప్రొఫెసర్లు ఎక్కువ. పద్నాలుగేళ్ళు బడిలో ఉన్న మిమ్మల్ని అక్కణ్ణుంచి ఊడబెరికి ఇక్కడెందుకు పెట్టాలి?"

డాక్టర్ నబీహ్ మొదటిసారి ఆయన వైపు తిరిగాడు. ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఇద్దరికీ శత్రుత్వం లేనట్టుంది.

రబాబ్ నీళ్ళు తాగింది.

"నేనూ మొదట చిట్కా అనే అనుకున్నాను సార్. మా తరగతిలో పద్దెనిమిది మంది పట్టుబడ్డారు. మర్నాడు వాళ్ళలో ఏడుగురు ఆ అట్టకు కూడా ఉపాయం కనిపెట్టారు. కన్నం పేజీలో ఎక్కడుందో చూసి, పాట మనసులో లెక్కపెట్టుకుంటూ అక్కడికొచ్చి ఆ మాట చెప్పారు. అప్పుడు నాకు భయమేసింది. పిల్లాడు చదవడం నేర్చుకోవడం లేదు. చదవలేనన్న సంగతి దాచడం నేర్చుకుంటున్నాడు, రోజంతా, ఒళ్ళు వంచి. మనం నేర్పేదానికన్నా అది కష్టమైన చదువు. ఎవరి కోసం దాస్తున్నారని ఒక్కొక్కళ్ళనీ అడిగాను. దెబ్బలకు భయపడి దాచినవాళ్ళు తక్కువ సార్. అమ్మ బాధపడుతుందని దాచినవాళ్ళు ఎక్కువ. అబ్లా మురిసిపోతోంది కదా అని దాచినవాళ్ళు ఇంకా ఎక్కువ."

ఆమె ఆగింది. వేదిక మీదున్న ముగ్గురినీ వరసగా చూసింది.

"మా బడిలో నేను ముప్పై మందిని దిద్దగలను. ఈ కళాశాల నుంచి ఏడాదికి వందల మంది టీచర్లు బయటికి వెళ్తున్నారు, నా చెవుల్లాంటి చెవులతోనే. పాట విని మురిసిపోయే చెవులతో. వాళ్ళు బడికి వెళ్ళకముందే ఈ అట్టను వాళ్ళ చేతిలో పెట్టాలి, పట్టుబడిన పిల్లాణ్ణి ఏం చెయ్యాలో నేర్పాలి. అది బడి నుంచి కుదరదు. బడిని వదిలెయ్యను సార్, నా విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వారానికి ఒకరోజు అదే పడవ ఎక్కుతాను."

'అదే పడవ' అన్న మాట దగ్గర ఇన్షిరాహ్ ఉలిక్కిపడింది. ఇక మీదట మునిగేది ఒక్కతే కాదన్నమాట, పడవ నిండా పిల్లలు.

"ఆ అట్ట ఏదీ?" అన్నాడు డాక్టర్ వహ్దాన్.

రబాబ్ సంచిలో వెతికింది. అట్టతోపాటు నీలం పూస కూడా పైకి వచ్చి బల్ల మీద దొర్లింది. ఆయన అట్టను కళ్ళ దగ్గర పెట్టుకుని, ఆ కన్నంలోంచి ముందు గ్రంథాన్ని, తర్వాత డాక్టర్ నబీహ్ ముఖాన్ని చూశాడు.

"చదవడం కష్టమే," అన్నాడు.

అందర్నీ బయటికి పంపి తలుపు వేశారు. వరండాలో ఇన్షిరాహ్, రబాబ్ పక్కపక్కన గోడకు ఆనుకుని నిలబడ్డారు. కాసేపటికి రబాబ్ చెయ్యి వచ్చి తల్లి చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది. లోపల గొంతులు పెరిగాయి, తగ్గాయి, మళ్ళీ పెరిగాయి. కొట్టుకుంటున్నారు, ఒకాయన ఇస్తానంటే ఇంకొకాయన వద్దంటున్నాడు అనుకుంది ఇన్షిరాహ్. డాక్టర్ నబీహ్ రైలుకు అరగంటే ఉంది. ఆయన సంతకం చెయ్యకుండా వెళ్ళిపోతే?

తలుపు తీశారు. ముగ్గురూ నిలబడి ఉన్నారు. ముగ్గురూ గౌన్లు తొడుక్కున్నారు, డాక్టర్ నబీహ్ కూడా.

చదివింది డాక్టర్ వహ్దానే. ముందు చాలా పెద్ద పెద్ద మాటలు వచ్చాయి, ఇన్షిరాహ్‌కు అర్థం కాలేదు. చివర 'అత్యుత్తమం' అన్న ఒక్కటి అర్థమైంది. 'డాక్టరు రబాబ్' అన్నది అర్థమైంది.

ఇలాంటప్పుడు తల్లే ముందు నాలుక ఆడించి సంతోషపు కేక పెట్టాలి. ఇన్షిరాహ్ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు ఆమె చెవి పక్కనే ఒక కేక లేచింది, పొడుగ్గా, గలగలా, కిటికీ అద్దాలు అదిరేలా. ఉమ్ షౌకీ. ఊపిరి అయిపోయేదాకా పెట్టి, పిల్లను కాళ్ళ నుంచి తల దాకా తేరిపార చూసి, ఇన్షిరాహ్ వైపు తిరిగి, హాలంతా వినపడేలా అంది:

"మాషా అల్లా! విన్నావా? మాషా అల్లా, మాషా అల్లా! ఇంకో పది వేసుకో!"

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకే కాగితాలు కళాశాలలో ఇచ్చేశారు. రెండింటి దాకా ఇన్షిరాహ్ ఆ ఆఫీసు గుమ్మంలోనే కూర్చుంది, ఎవరైనా వాటిని పొరపాటున చింపేస్తారేమోనని.

ఉద్యోగం ఉత్తర్వు శీతాకాలం సెలవుల్లో వచ్చింది. ఒక శుక్రవారం ఇన్షిరాహ్ నారింజపళ్ళ సంచితో మెట్లెక్కుతోంది. కింది అంతస్తు తలుపు తెరుచుకుంది.

"ఉమ్ రబాబ్, ఆగు. మన డాక్టరమ్మ మొదటి పాఠం ఎప్పుడు?"

ఇన్షిరాహ్ గుండె ఎప్పటిలాగే గుభేలుమంది. నోటి దాకా ఒక అబద్ధం తయారుగా వచ్చి నిలబడింది: ఇంకా తెలియదమ్మా, వచ్చే నెల ఉంటుందేమో. నారింజ సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది.

"ఆదివారం," అంది. "తొమ్మిదింటికి. రెండో అంతస్తు, చివరి గది. ఎనభై మంది పిల్లలట."

ఉమ్ షౌకీ కళ్ళు చికిలించి చూసింది.

"నిజమేనా? లేక షౌకీని సముద్రానికి పంపెయ్యనా?"

"నిజమే. పొద్దున ఎనిమిదింటికి కారు కావాలి. ఆలస్యం చేస్తాడేమో, టైరు పేలుతుందేమో, ముందే చూసుకోమని చెప్పు."

"చెబుతానులే. ఎనభై మందా! అబ్బ, ఎంత..." అని ఉమ్ షౌకీ ఆగింది.

ఇన్షిరాహ్ మెట్టు మీద నిలబడి 'మాషా అల్లా' కోసం ఎదురుచూసింది. ఉమ్ షౌకీ కావాలనే ఆ మాటను నోట్లో నానబెట్టి, పక్కింటివాళ్ళ కుక్కర్ రెండు కూతలు కూసేదాకా ఆగి, అప్పుడు అంది.